ముందు దారం, ఆఖర్న కర్ర

(బెంగళూరులో ఒక ఆదివారం పొద్దున, తెలుగు కుటుంబాల పిల్లలూ పెద్దలూ కలిసిన చోట, కెండామా అనే జపాన్ ఆటబొమ్మను చేతికి కుదుర్చుకోవడం గురించి చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. పిల్లలూ, బంతులు కాసేపు ఒళ్ళో పెట్టుకోండి నాయనా. కర్రకు కర్ర తగిలే ఆ టక్ టక్ నాకూ ఇష్టమే. కానీ వెనక వరసలో కూర్చున్న తాతలకూ అవ్వలకూ నా మాట వినబడాలి కదా.

మాది హిందూపురం దగ్గర పల్లె. మా నాయన వడ్రంగి. కర్రను తిప్పి చెక్కే తరిమెన మీద మంచం కోళ్ళు తీసేవాడు, పప్పుగుత్తులు తీసేవాడు, సెలవులొచ్చే ముందర బొంగరాలు తీసేవాడు. ఆ బొంగరం దగ్గర్నుంచే మొదలుపెడతాను. ఎందుకంటే ఈరోజు నేను చెప్పబోయేదంతా మన పెద్దవాళ్ళకు చిన్నప్పుడే తెలిసిన సంగతి. పేరే కొత్తది.

బొంగరం కొన్న పిల్లోడు నేరుగా ఆటకు పోయేవాడా? పోడు. ముందు జాటీ చుట్టి ఒకసారి విసిరి, తిరుగుతున్నదాన్ని అరచేతిలోకి ఎత్తుకొని చూస్తాడు. చెయ్యి గిలిగింత పెట్టినట్టు మెత్తగా ఉంటే ములుకు సరిగ్గా ఉన్నట్టు. అరచెయ్యి అదిరిపోతుంటే ములుకు వంకర. అప్పుడు రాయి మీద పెట్టి ఒక పక్క చిన్న దెబ్బ, మళ్ళీ విసరడం, మళ్ళీ చేతిలోకి ఎత్తుకోవడం. జాటీ పొడవైతే ఒక ముడి, పొట్టిదైతే ఇంకో తాడు. మూడు నాలుగు రోజులు ఈ కుదుర్చుకోవడంలోనే పోయేవి. ఆ తర్వాతే అది వాడి బొంగరం. అంతవరకూ అంగడిది.

ఇప్పుడు మన పిల్లల చేతుల్లో ఉన్న ఈ జపాన్ బొమ్మ, కెండామా, అచ్చంగా ఆ జాతిదే. పెద్దలు తెలియనివాళ్ళు ఉంటే ఒక్కసారి ఇటు చూడండి. ఈ నిలువు కర్రను కెన్ అంటారు. జపాన్ భాషలో కత్తి అని. దీనికి అడ్డంగా దూర్చిన ఈ డమరుకంలాంటి ముక్క సరాడో. దీనికి రెండు చివర్లా రెండు గిన్నెలు: ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. కర్ర అడుగున మూడో గిన్నె. పైన ఈ మొన. దారానికి కట్టిన ఈ బంతి టామా. బంతికి అడుగున పెద్ద బెజ్జం, నెత్తిన చిన్న బెజ్జం. బంతిని ఎగరేసి గిన్నెలో పట్టాలి, లేదా బెజ్జాన్ని మొనకు గుచ్చాలి. ఆట ఇంతే. ఇంతే గానీ ఏళ్ళ తరబడి ఆడినా అయిపోదు.

దీని పుట్టుక గురించి రెండు మాటలు. ఫ్రాన్స్‌లో బిల్‌బొకే అని, దారానికి కట్టిన బంతిని కర్రతో పట్టే ఆట పదహారో శతాబ్దంలోనే ఉండేది. మూడో హెన్రీ రాజుకు అదంటే పిచ్చి. జపాన్‌లో ఇలాంటి ఆట ముందే ఉన్నా, ఇదిగో ఈ అడ్డ ముక్క, మూడు గిన్నెల రూపం మాత్రం 1919 నాటిది. హిరోషిమా ప్రాంతానికి చెందిన ఎగుసా హమాజీ అనే ఆయన దీనికి హక్కు పత్రం తీసుకున్నాడు. ఆయన పెట్టిన పేరు సూర్యచంద్రుల బంతి అని. బంతి సూర్యుడు, గిన్నె వంపు నెలవంక. దాన్ని తయారు చేయడానికి ఆయన ఎక్కడికి పోయాడో తెలుసా? హత్సుకాయిచి అనే ఊరికి. ఎందుకంటే అక్కడ కర్రను తిప్పి చెక్కే పనివాళ్ళు ఉన్నారు. అంటే మా నాయనలాంటి తరిమెనవాళ్ళు. 2014 నుంచి కెండామా ప్రపంచ కప్పు జరుగుతున్నది కూడా ఆ ఊళ్ళోనే. ఈ మాట మా నాయనకు చెప్పినప్పుడు ఆయన కెండామాను చేతిలోకి తీసుకొని, గిన్నె అంచు మీద బొటనవేలు తిప్పి, చాలాసేపు కింద పెట్టలేదు.

సరే, అసలు సంగతికి వస్తాను. పిల్లలు కెండామా కొంటారు, నెల ఆడతారు, బంతి మొనకు పడదు, నా చేతికి ఇది రాదులే అని అటక మీద పడేస్తారు. నేను చూసినంతలో సగం మందికి తప్పు చేతిలో లేదు. దారంలో ఉంది. ఇంకొందరు వీడియోలు చూసి మొదటి వారమే కర్రను అరగదీస్తారు. అది ఇంకా నష్టం. కాబట్టి వరస గుర్తు పెట్టుకోండి: దేన్ని మళ్ళీ వెనక్కి తెచ్చుకోగలమో దాన్ని ముందు మార్చాలి. దారం మార్చుకోవచ్చు, పదిసార్లు మార్చుకోవచ్చు. అడ్డ ముక్కను తిప్పుకోవచ్చు. రంగు మళ్ళీ వేసుకోవచ్చు. అరిగిన కర్ర మాత్రం తిరిగి రాదు. అందుకే దారం ముందు, కర్ర ఆఖర్న.

దారం పొడవు కొలవడానికి టేపు అక్కర్లేదు. బంతిని మొనకు గుచ్చండి. ఇప్పుడు వదులుగా ఉన్న దారాన్ని కిందికి, అడుగు గిన్నె కిందివరకూ లాగండి. గిన్నె అడుగుకూ దారానికీ నడుమ మీ వేళ్ళు ఎన్ని పడతాయో చూడండి. రెండు వేళ్ళు పడితే పాత పద్ధతి కొలత. టేపు పెడితే సుమారు 38 నుంచి 40 సెంటీమీటర్లు వస్తుంది. మూడు, నాలుగు వేళ్ళు పెట్టుకునేవాళ్ళూ ఉన్నారు. బంతిని పట్టుకొని కర్రనే తిప్పి గుచ్చే ఆట ఉంది చూశారా, విమానం అంటారు, దానికీ, కర్రను బంతి మీద నిలబెట్టే దీపస్తంభానికీ కొంచెం పొడవు ఉంటే హాయి. పెద్ద గిన్నె, అడుగు గిన్నె మార్చి మార్చి కొట్టే మోషికమేకి రెండు వేళ్ళే మేలు. పొడవైతే దారం ఊగి బంతిని పక్కకు లాగుతుంది. ఒక్క వేలు కూడా పట్టలేదంటే ఆ దారంతో ఎవరూ నేర్చుకోలేరు, ప్రపంచ విజేతకు ఇచ్చినా సరే. మేము మావాడికి కొన్న మొదటి కెండామా దారం అలాంటిదే. అంగడిలో అడిగితే అది అలాగే వస్తుందన్నారు. వాడు బంతి పైకి లాగిన ప్రతిసారీ దారం మధ్యలోనే బిగుసుకొని బంతిని వెనక్కి గుంజేది. వాడేమో తనకు చేతకావడం లేదని ఏడ్చేవాడు. పదేళ్ళ పిల్లోడు. ఆ ఏడుపు నాకు ఇప్పటికీ గుర్తే. అందుకే ఈరోజు ఇక్కడ నిలబడి మాట్లాడుతున్నాను.

దారం మార్చడం చూపిస్తాను. ముందుకు రావచ్చు, కానీ లైటర్ దగ్గర చిన్నపిల్లలు వద్దు. అల్లిన నైలాన్ దారం తీసుకోండి. ఎస్పీ రోడ్డు చుట్టుపక్కల హార్డ్‌వేర్ అంగళ్ళలో, టైలరింగ్ సామాను అంగళ్ళలో దొరుకుతుంది. రెండు మిల్లీమీటర్ల లోపు మందం చాలు. లావుదైతే బరువు, బెజ్జంలో దూరదు. నూలు దారం వద్దు, చెమటకు నాని తెగుతుంది. ముడులకు కలిపి ఒక జానెడు ఎక్కువే కత్తిరించుకోండి. చివర్ని లైటర్‌కు చూపించి, కరిగాక, ఇదిగో ఇలా, ఒక గట్టి అట్టముక్క మీద దొర్లించండి. వేళ్ళతో పట్టుకోకండమ్మా, కరిగిన నైలాన్ చర్మానికి అంటుకుంటే ఊడదు. చివర సూదిలా సన్నబడింది చూడండి. ఇప్పుడది బెజ్జంలోకి తనంతట తానే పోతుంది.

అడ్డ ముక్కను కర్ర నుంచి ఊడదీశాను. దీని పక్కనున్న బెజ్జంలోంచి దారం లోపలికి, అక్కడినుంచి కర్రకున్న బెజ్జంలోకి, చివర ముడి. ముడి బెజ్జంలోంచి వెనక్కి జారకూడదు, అంతే. లాగి చూసి, అడ్డ ముక్కను మళ్ళీ కర్ర మీదికి దించాలి. రెండో చివర బంతి నెత్తిమీది చిన్న బెజ్జంలోంచి లోపలికి పోయి అడుగు బెజ్జంలోంచి బయటికి వస్తుంది. ఇక్కడ ఈ చిన్న పూస ఎక్కించాలి. ఎక్కించి ముడివేసి వెనక్కి లాగితే పూస బంతి కడుపులోకి పోయి నెత్తి బెజ్జానికి లోపలినుంచి ఆనుకుంటుంది. పూస ఎందుకు? బంతి తిరిగిన కొద్దీ దారానికి మెలి పడుతుంది. పూస ఉంటే ఆ మెలి దానంతట అది విడిపోతుంది. పూస పోయిందని చాలామంది ఉత్త ముడితో సరిపెడతారు. ఆ ముడి రెండు నెలల్లో బెజ్జాన్ని తినేస్తుంది. పాత గాజుల పెట్టెలో, తెగిన దండల్లో పూస ఏదైనా ఒకటి దొరకదా మన ఇళ్ళలో?

ఎడమచేతి వాటం పిల్లలు ఎవరు ఇక్కడ? ముగ్గురు. బాగుంది. మీరు ముఖ్యంగా వినాలి. దారం అడ్డ ముక్కకు ఒక పక్కనుంచే బయటికి వస్తుంది. అంగట్లో వచ్చేవి దాదాపు అన్నీ కుడిచేతికి పెట్టి ఉంటాయి. ఎడమ చేత్తో పట్టుకుంటే దారం కర్రకు చుట్టుకొని వస్తుంది, బంతి వంకరగా వేలాడుతుంది. మావాడిది ఎడమచెయ్యే. దారం పొడవు సరిచేశాక కూడా వాడికి మోషికమే ఐదు దాటలేదు. అప్పుడు మా నాయన అడ్డ ముక్కను ఊడదీసి, అటు పక్కది ఇటు తిప్పి, దారం మళ్ళీ ఎక్కించి ఇచ్చాడు. పావుగంట పని. ఆ సాయంత్రం వాడు పదిహేడు కొట్టాడు. నేను లెక్కపెట్టాను, పక్కనే కూర్చొని.

ఇక అడ్డ ముక్క వదులవడం. బెంగళూరులో ఉన్నవాళ్ళందరికీ ఇది వస్తుంది. వానాకాలంలో కర్ర తేమ పీల్చి ఉబ్బుతుంది, ఫిబ్రవరి, మార్చిలో గాలి పొడిబారితే ముడుచుకుంటుంది. తలుపులు జులైలో బిగుసుకొని, మార్చిలో వదులవ్వవూ? అదే. జులైలో ఊడదీయబోతే రాదు, అప్పుడు బలవంతం చేయకండి, చీలుతుంది. మార్చిలో గడగడలాడుతుంది. కర్ర పైనుంచి కిందికి కొంచెం లావవుతూ వస్తుంది కాబట్టి, మొన పైకి పెట్టి అడుగు గిన్నెను చెక్క పీట మీద రెండుసార్లు మెల్లగా తాటిస్తే అడ్డ ముక్క దిగి బిగుస్తుంది. పీట మీదే, టైల్స్ మీద కాదు. అప్పటికీ ఆడుతుంటే సన్నటి కాగితం పట్టీ ఒక్క చుట్టు కర్రకు చుట్టి దించండి. ఫెవికాల్ పెట్టాలని చేతులు దురదపెడతాయి, వద్దు. అంటించేస్తే రేపు దారం తెగినప్పుడు ఎలా ఊడదీస్తారు?

రంగు సంగతి క్లుప్తంగా చెబుతాను. బంతి మెరుపు రంగుదైతే గిన్నెలో జారుతుంది. కర్ర గిన్నెల అంచులు బంతి మీద ఆనించి నిలిపే ఆట నేర్చుకునేవాళ్ళకు కొంచెం గరుకుగా, పట్టు ఉన్న రంగు కావాలి. మెరుపు పోవాలంటే 400 నంబరు ఉప్పుకాగితంతో ఒళ్ళు రుద్దినంత మెత్తగా ఒక్కసారి తిప్పితే చాలు. మొత్తం రంగు తీసేయక్కర్లేదు. ఇంకొకటి, ఇది నాకు అన్నిటికన్నా ఇష్టం: బెజ్జం చుట్టూ ఒక చార, అక్కడినుంచి నెత్తివరకూ నిలువుగా ఒక చార వేసుకోండి. బంతి గాలిలో తిరుగుతున్నప్పుడు బెజ్జం ఎక్కడుందో కంటికి తెలుస్తుంది. ఒకే రంగు బంతిలో అది కనబడదు. అక్రిలిక్ రంగు పలచగా రెండు పూతలు, పూతకూ పూతకూ మధ్య బాగా ఆరనివ్వాలి. బెజ్జం లోపలికి రంగు పోకుండా కాగితం ఉండ కుక్కండి.

ఇప్పుడు మొన. ఇక్కడ నేను చేసిన పొరపాటు చెప్పాలి, మీరెవరూ చేయకూడదని. రెండేళ్ళ కింద మావాడి పుట్టినరోజుకు బీచ్ కర్రది మంచి కెండామా తెచ్చాము. మూడు వారాలు ఆడేసరికి మొన కొస నలిగి చిన్న పుట్టగొడుగులా విచ్చుకుంది. బెజ్జం అంచుకు తగులుకుంటోంది. నేను మావాడు బడికి పోయినప్పుడు ఉప్పుకాగితం తీసుకొని కూర్చున్నాను. నున్నగా వస్తుంటే చేతికి బాగుంది, ఆపబుద్ధి కాలేదు. కొస నుంచి కిందిదాకా మొత్తం సన్నం చేసేశాను. వాడొచ్చి బంతి గుచ్చాడు. గుచ్చుకుంది. గుచ్చుకొని, బంతి మొన మీద కల్లు ముంతలా అటూ ఇటూ వాలింది. బెజ్జానికీ కర్రకూ మధ్య సందు వచ్చేసింది. వాడు నన్నేమీ అనలేదు. అదే నాకు ఎక్కువ బాధైంది.

ఊరికి పోయినప్పుడు మా నాయనకు చూపించాను. ఆయన ఒకే మాట అన్నాడు: "కర్ర తిరగాల, కాగితం నిలవాల." అంటే ఇది. కొస విచ్చుకుంటే 320 నంబరు ఉప్పుకాగితాన్ని మడిచి ఎడమచేతి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య కదలకుండా పట్టుకోండి. కర్ర కొసను అందులో పెట్టి కుడిచేత్తో కర్రను తిప్పండి, పెన్సిల్ చెక్కినట్టు. ఐదారు తిప్పులు. పైకి లేచిన పీచు మాత్రమే పోవాలి. కాగితాన్ని ఒక పక్కనుంచి రాస్తే ఆ పక్క పల్చబడి గుండ్రం పోతుంది, నేను చేసింది అదే. కొసలో బియ్యపుగింజంత మేర దాటి కిందికి రావద్దు.

బెజ్జం అంచు సంగతీ అంతే. సరిగ్గా చూస్తే బెజ్జం అంచు నిటారుగా ఉండదు, లోపలికి వాలుగా కోసి ఉంటుంది. బంతి కొంచెం పక్కగా దిగినా ఆ వాలు మీద మొన జారి లోపలికి పోతుంది. కొత్త బంతికి ఆ వాలు పదునుగా ఉంటుంది. ఆడగా ఆడగా మొన తగిలి తగిలి మెత్తబడి, మీ చెయ్యి ఎటు వాలుతుందో దానికి తగ్గట్టు తీరుతుంది. ఆ పని మొన చేస్తుంది, మీరు చేయకండి. పీచు లేచి వేలికి గుచ్చుకుంటే మాత్రం ఒక చుక్క ఫెవిక్విక్ పెట్టి, పూర్తిగా ఎండాక 400 ఉప్పుకాగితంతో ఒక్కసారి మెల్లగా రుద్దండి. పెచ్చు ఊడినా అంతే.

ఆఖరుగా మన చుట్టుపక్కల సంగతి. ఇక్కడికి అరవై కిలోమీటర్ల దూరంలో, మైసూరు దారిలో చన్నపట్న ఉంది. లక్క బొమ్మల ఊరు. కన్నడంలో ఆలె మర అనే ఆ కర్ర మన అంకుడు కర్రే. మన ఏటికొప్పాక బొమ్మలూ దానివే. తిరుగుతున్న కర్రకు లక్క బిళ్ళను అదిమిపెడితే రాపిడి వేడికి లక్క కరిగి కర్రకు పట్టేస్తుంది. ఆ తర్వాత మొగలి ఆకు అదిమితే అద్దంలా మెరుస్తుంది. ఏటికొప్పాకలో సి.వి. రాజు గారు గింజలు, బెరళ్ళ నుంచి తీసే రంగులతో ఆ పనికి మళ్ళీ ప్రాణం పోశారు. 2023లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. నేను ఆ మొన పాడుచేశాక చన్నపట్నలో ఒక పనివాడి దగ్గరికి పోయి, కొలత ఇచ్చి, 60 మిల్లీమీటర్ల బంతి ఒకటి తీయించాను. జపాన్ కెండామా సంఘం ప్రామాణిక బంతి కొలత అది. ఎర్ర లక్క బంతి, పండులా ఉంది. కానీ ఆటకు నిలవలేదు. అంకుడు తేలిక, మెత్తన. బంతి గాలిలో తేలుతుంది, మొన తగిలిన చోటల్లా గుంట పడుతుంది. జపాన్‌వాళ్ళు బీచ్, మేపుల్, చెర్రీ వంటి గట్టి కర్రలు ఎందుకు వాడతారో అప్పుడు చేతికి తెలిసింది. లక్క మెరుపు గిన్నెలో జారడం సరేసరి.

అయితే మా నాయన అంతటితో వదిలేయనివ్వలేదు. బొంగరాలకు దాచుకున్న తుమ్మ చేవ ముక్క ఒకటి తీసి, మూలన పడి ఉన్న తరిమెనను ఇన్నేళ్ళకు మళ్ళీ తుడిచి, మావాడి కర్రకు సరిపోయేలా కొత్త బంతి తీశాడు. బరువు సరిగ్గా కుదిరింది. రంగు వేయలేదు, ఒట్టి కర్రే. దాని మీద మావాడు చార గీసుకున్నాడు. ఇదిగో, ఇదే ఆ బంతి. చేతులు మార్చి అందరూ చూడండి, తాతలకు ముందు ఇవ్వండి. తుమ్మ అని పట్టుకోగానే తెలిసిపోతుంది వాళ్ళకు.

ఈ బల్ల మీద దారం ఉంది, పూసలు ఉన్నాయి, కత్తెర ఉంది. ఉప్పుకాగితం నా సంచిలోనే ఉంచాను, ఈరోజు బయటికి తీయను. మీ కెండామాలు పట్టుకొని వరసగా రండి, ఒక్కొక్కరి దారం వేళ్ళు పెట్టి చూద్దాం. ఎడమచేతి పిల్లలు ముందు.